బిడ్డ పోయిన ఇంట మన బాధ్యత

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ సభలో మన పిల్లల చదువుల గురించీ, ఉపకార వేతనాల గురించీ, ఖబరస్తాన్ ప్రహరీ గురించీ మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈసారి మమ్మల్ని కూడా అలాంటి విషయం మీదే నాలుగు మాటలు చెప్పమన్నారు. కాని పోయిన ఏడాది మన మధ్య జరిగిన ఒక సంగతి మా గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. అది చెప్పుకోకుండా వేరే మాట ఎత్తబుద్ధి కాలేదు. పెద్దలు మన్నించాలి.

మేము అంటే ఎవరమో ముందు చెప్పాలి. ఇషా నమాజు తరువాత మసీదు ఎదుట టీ కొట్టు బల్ల మీద నలభై ఏళ్ళుగా కూర్చుంటున్న మిత్రులం. ఒకరు బట్టల కొట్టువారు, ఒకరు రిటైరైన గుమాస్తా, ఒకరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. నాలుగోవారు మాస్టారు. ప్రాథమిక పాఠశాలలో పంతులుగా చేసి రిటైరయిన మనిషి. ఇక్కడ కూర్చున్న మీలో సగం మందికి ఆయనే అక్షరాలు దిద్దించారు కనుక పేరు చెప్పనక్కరలేదు. ఈ ప్రసంగం మాలో ఒకరు చదువుతున్నా, మాటలు మా ముగ్గురివీ. తప్పులు కూడా ముగ్గురివే.

మాస్టారుగారి పెద్దబ్బాయి ఇరవై ఎనిమిదేళ్ళవాడు. డిప్లొమా చదివి, విజయవాడలో ఉద్యోగం చేస్తూ రోజూ గుంటూరు నుంచి మోటారు సైకిలు మీద వెళ్ళి వచ్చేవాడు. పెళ్ళయి మూడేళ్ళు. రెండేళ్ళు నిండని ఆడపిల్ల. ఒకనాటి రాత్రి మంగళగిరి దాటి ఇటు వస్తుండగా లారీ గుద్దింది. మేము ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. ఇన్నా లిల్లాహి అనుకున్నాం. అంతకుమించి నోట మాట రాలేదు.

మరునాడు పోస్టుమార్టం అయి, అబ్బాయి ఇంటికి వచ్చేసరికి అసర్ వేళ అయింది. గుసుల్ చేయించి, కఫన్ తొడిగి, మగ్రిబ్ తరువాత జనాజా నమాజు చదివాం. మనలో ఒక ఆనవాయితీ ఉంది గదా, నమాజుకు ముందు వారసుడు నిలబడి, పోయినవారు ఎవరికైనా బాకీ ఉంటే తనను అడగమని ప్రకటిస్తాడు. తండ్రి జనాజా ముందు కొడుకు చెప్పవలసిన మాట అది. ఆ రోజు కొడుకు జనాజా ముందు మాస్టారు నిలబడ్డారు. బడిలో పాఠం చెప్పినట్టే స్పష్టంగా, "మా అబ్బాయి ఎవరికైనా బాకీ ఉంటే నా దగ్గరికి రండి. సిగ్గుపడకండి" అన్నారు. సఫ్‌లలో నిలబడ్డ మగవాళ్ళం తలలు దించుకున్నాం.

నాలుగు రోజుల తరువాత సైకిలు షాపువాడొకడు మా దగ్గరికి వచ్చి, అబ్బాయి పంక్చరు డబ్బులు నలభై రూపాయలు ఇవ్వాలనీ, అవి తనకు అక్కరలేదనీ, కాని చెప్పకపోతే పోయినవాడి మెడ మీద ఉండిపోతుందేమోనని భయంగా ఉందనీ అన్నాడు. మాస్టారుకు చెప్పాం. ఆయన లేచి చొక్కా తొడుక్కుని, స్వయంగా ఆ షాపుకు వెళ్ళారు. వాడు వద్దంటే వద్దన్నాడు. "తీసుకో నాయనా, వాడి కోసం నేను చేయగలిగింది ఇదొక్కటైనా మిగలనీ" అని చేతిలో పెట్టి వచ్చారు.

ఇంతవరకూ మాస్టారుగారి సంగతి. ఇక మా సంగతి చెబుతాం.

మొదటి మూడు రోజులూ ఆయన పక్కనే ఉన్నాం. ఆయన కంట నీరు పెట్టినప్పుడల్లా మాలో ఒకరం భుజం పట్టుకుని, "సబర్ చేయండి మాస్టారూ, మీరే ఇలా అయితే ఎలా? ఏడిస్తే రూహ్‌కు కష్టం" అన్నాం. ఇంకొకరం, "ఇంకా ఇద్దరు మగపిల్లలున్నారు, వాళ్ళ ముఖం చూసి ధైర్యం తెచ్చుకోండి" అన్నాం. మంచి మాటలే అనుకున్నాం. జియారత్ నాడు ఇంట్లో భోజనాలు పెట్టారు. రెండువందల మంది దాకా తిన్నారు. ఆ తిన్నవాళ్ళలో మేమూ ఉన్నాం. ఆ ఖర్చుకు మాస్టారు చేబదులు తెచ్చారని తరువాత తెలిసింది. నలభయ్యో రోజు అయ్యాక ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం.

అంతకన్నా సిగ్గుపడవలసిన మాట ఒకటి ఉంది. మాలో ఇద్దరికి ఆ వయసు కొడుకులే ఉన్నారు. వాళ్ళను చూస్తే మాస్టారు బాధపడతారేమో అనే సాకు చెప్పుకుని, ఆయన ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోవడం మొదలుపెట్టాం. మాలో ఒకరం కొడుకు పెళ్ళి పత్రిక ఇవ్వడానికి ఆయన గడప దాకా వెళ్ళి, ఇవ్వకుండానే తిరిగి వచ్చాం. ఆయనకు కష్టం కలిగించకూడదని అనుకున్నాం. నిజం చెప్పాలంటే మా కష్టాన్ని తప్పించుకున్నాం.

ఒకరోజు ఇషా తరువాత ఆయనే టీ కొట్టుకు వచ్చి, మా ఎదుట కూర్చున్నారు. గ్లాసు సగమయ్యాక ఇలా అన్నారు: "మీరంతా నన్ను సబర్ చేయమన్నారు. చేస్తున్నాను. అల్లాహ్ ఇచ్చాడు, అల్లాహ్ తీసుకున్నాడు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కాని ఇన్ని నెలల్లో మీలో ఒక్కరైనా వాడి పేరు పలికారా? వాడు మీ చేతుల్లో పెరిగినవాడు గదా. వాడు చచ్చిపోయాడు సరే, అసలు పుట్టనే లేదన్నట్టు ఎందుకు చేస్తున్నారు?"

మా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కునే ప్రయత్నమే ఈ ప్రసంగం.

మొట్టమొదట, ఏడవకూడదని మాస్టారుకు మేము చెప్పిన మాట ఎక్కడిది? మన దీన్‌లో ఉందా? పెద్దలను అడిగాం, పుస్తకాలు తిరగేశాం. లేదు. గుండెలు బాదుకోవడం, చెంపలు వాయించుకోవడం, బట్టలు చింపుకోవడం, దేవుణ్ణి నిందించడం నిషేధించబడినాయి. కన్నీరు నిషేధించబడలేదు.

మన ప్రవక్త ముహమ్మద్ (స) గారి జీవితమే చూడండి. ఆయన ఏడుగురు సంతానంలో ఆరుగురు ఆయన కళ్ళముందే పోయారు. ఖాసిం, అబ్దుల్లాహ్ పసితనంలో పోయారు. పెళ్ళిళ్ళయి, ఎదిగిన ముగ్గురు కుమార్తెలు ఆయన జీవించి ఉండగానే కన్నుమూశారు. 624లో బద్ర్ యుద్ధ సమయంలో రుఖయ్యా, 629లో జైనబ్, 630లో ఉమ్మె కుల్సూమ్. బద్ర్ విజయవార్త మదీనాకు చేరే వేళకు అక్కడివారు రుఖయ్యా ఖబరు మీద మట్టి సర్దుతున్నారు. తండ్రి ఆ ఖననానికి కూడా లేరు. ఆయన తరువాత బతికింది ఫాతిమా ఒక్కరే. కనుక ఎదిగిన బిడ్డను పోగొట్టుకున్న తండ్రి దుఃఖం ఆయనకు తెలియనిది కాదు. ఒక కుమార్తె ఖబరు పక్కన కూర్చున్న ఆయన కళ్ళలో నీళ్ళు చూశానని అనస్ (ర) చెప్పిన సంగతి బుఖారీలో ఉంది. ఆ కుమార్తె ఉమ్మె కుల్సూమ్ అని వ్యాఖ్యాతలు చెప్పారు.

632లో ఏడాదిన్నర వయసున్న ఇబ్రాహీం ఆయన చేతుల్లోనే ఆఖరి శ్వాస విడుస్తున్నప్పుడు కూడా కన్నీరు కార్చారు. మీరు కూడానా అని ఒక సహచరుడు ఆశ్చర్యపోతే, అది కారుణ్యం వల్ల వచ్చేదని చెప్పారు. నోట మాత్రం ప్రభువుకు ఇష్టంలేని మాట రానివ్వలేదు. ఇదీ హద్దు. కన్నుకు కాదు, నోటికి.

దివ్య ఖురానులో యూసుఫ్ సూరా అందరూ వినే ఉంటారు. కొడుకు దూరమైన దుఃఖంతో యాఖూబ్ (అ) కళ్ళు తెల్లబడిపోయాయి. ఒక్క రోజు ఏడుపుతో కళ్ళు తెల్లబడవు. ఏళ్ళ తరబడి ఏడ్చారన్నమాట. ఇంట్లోవాళ్ళు విసుక్కుంటే, తన బాధ అల్లాహ్‌తోనే చెప్పుకుంటున్నానన్నారు. అందమైన సహనం అని మనం ఎవరిని ఉదాహరణగా చెప్పుకుంటామో ఆయనే అంతగా ఏడ్చినవారు. కన్నీరూ సబరూ ఒకే గుండెలో ఉండగలవని దీనివల్ల మనం గ్రహించాలి. మాస్టారును ఏడవవద్దన్న మేము ఏ సబర్ నేర్పబోయామో ఆలోచిస్తే ఇప్పుడు తలవంపులుగా ఉంది.

మూడు రోజులకు మించి శోకం పాటించకూడదు గదా అని కొందరు అడగవచ్చు. అలంకారాలు మానివేసి పాటించే శోకచిహ్నాలకు ఆ హద్దు. భార్యకయితే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. అది బయటికి కనిపించే ఆచరణకు పెట్టిన లెక్క. తల్లి గుండెకు తారీఖు పెట్టమని ఎవరూ చెప్పలేదు.

ఇక రెండో సంగతి. ఇబ్రాహీం పోయిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్తగారి కొడుకు పోయినందుకే సూర్యుడు చీకటయ్యాడని జనం చెప్పుకున్నారు. పుత్రశోకంలో ఉన్న తండ్రి ఆ మాట విని ఊరుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ నిదర్శనాలనీ, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ వెంటనే సరిదిద్దారు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, మాస్టారుగారి కోడలి గురించి మన పేటలో నడిచిన గుసగుసలు మా చెవినా పడ్డాయి. ఆ పిల్ల కాలు మంచిది కాదట. మన్హూస్ అట. అన్నవాళ్ళు బయటివాళ్ళు కాదు, మనవాళ్ళే. ఇరవై నాలుగేళ్ళ ఆడకూతురు, చంకలో పసిబిడ్డ, పుండు మీద కారం చల్లినట్టు ఈ మాటలా? సాక్షాత్తూ ప్రవక్త కుమారుడి మరణానికి ఆకాశంలో సూర్యుణ్ణి ముడిపెట్టడమే తప్పయితే, లారీ గుద్దిన దానికి ఒక ఆడపిల్ల అడుగును ముడిపెట్టడం ఎంత తప్పో వేరే చెప్పాలా? ఆ మాట మీ ఎదుట ఎవరన్నా ఎత్తితే అక్కడే ఖండించండి. అదే ఆ ఇంటికి మీరు చేసే సగం పరామర్శ.

మూడోది, భోజనాల సంగతి. జియారత్, చహెల్లుమ్ చేయాలా వద్దా అన్న చర్చలోకి మేము పోవడం లేదు. అది ఉలమాలు చెప్పవలసిన విషయం. మేము చెప్పేది పొయ్యి సంగతి. 629లో మూతా యుద్ధంలో జాఫర్ (ర) షహీద్ అయినప్పుడు, ఆ కుటుంబం దుఃఖంలో మునిగి ఉంది కనుక వాళ్ళకు వండి పంపమని ప్రవక్తగారు తన ఇంటివాళ్ళకు చెప్పారు. అంటే చావు ఇంటికి అన్నం బయట నుంచి పోవాలి. మనం దాన్ని తిరగేశాం. చావు ఇంటివాళ్ళు అప్పుచేసి వండితే మనం వెళ్ళి తింటున్నాం. కూరలో ఉప్పు తగ్గిందని కూడా అంటున్నాం.

ఇక్కడ మాస్టారుగారింట పాలుపోసే అమ్మ గురించి చెప్పాలి. ఆమె మన మతస్థురాలు కాదు. ఖురాను, హదీసు చదివినది కాదు. మొదటి రోజు నుంచి పొద్దున్నే పాలు పోసి, భాభీగారి పక్కన కింద కూర్చునేది. "మీ వాడు చిన్నప్పుడు నా దూడ తాడు విప్పేసి బజారంతా పరుగెత్తించాడమ్మా, జ్ఞాపకముందా?" అని అబ్బాయిని పేరు పెట్టి చెప్పేది. భాభీ ఏడుస్తూనే నవ్వేవారట. ఆ తరువాత రెండు ముద్దలు తినేవారట. నలభయ్యో రోజు దాటాక మేమందరం మానేసినా ఆమె మానలేదు. ఇవాళ్టికీ పావుగంట కూర్చుని పోతుంది. మేము చేయలేకపోయిన పని అది. ఆమె దగ్గర మేము నేర్చుకోవాలి.

ఎందుకంటే, ఆ ఇంట అబ్బాయి తలంపు ఇప్పటికీ ఉంది. అతను రోజూ పది గంటలకు వచ్చేవాడని, పది దాటేదాకా తల్లి వీధి తలుపు గడియ వేయడం లేదు. తండ్రి నెలనెలా అతని సెల్‌ఫోనుకు రీచార్జి చేయిస్తున్నారు. ఇలాంటివి చూసి మతి చలించిందని అనకండి. మన దృష్టిలో అయిపోయిన చావు వాళ్ళకు రోజూ రాత్రి పది గంటలకు మళ్ళీ జరుగుతూ ఉంది. అటువంటప్పుడు వెళ్ళి కూర్చునే మనిషి కావాలి. ఏం మాట్లాడాలో తెలియడం లేదంటారా? మాట్లాడనక్కరలేదు. పక్కన కూర్చుంటే చాలు. మాట్లాడితే పోయినవాడి గురించి మాట్లాడండి.

నాలుగోది, కాగితాల సంగతి. పైకి చిన్నదిగా కనిపిస్తుంది, కాని దుఃఖంలో ఉన్న మనిషిని కుంగదీసేది ఇదే. మరణాన్ని 21 రోజుల లోపు నమోదు చేయించాలి. పోలీసువారి ఎఫ్.ఐ.ఆర్. నకలు, పోస్టుమార్టం రిపోర్టు తెచ్చుకోవాలి. రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం కోసం పిటిషన్ వేయాలి. 2019లో చేసిన చట్టసవరణ దీనికి ఆరు నెలల గడువు పెట్టింది. అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. గడువు మీద కోర్టుల్లో వాదాలు నడిచాయిగాని, ఆరు నెలల లోపే వేయడం క్షేమం. ఈ కాగితాల కోసం మాస్టారు ఒక్కరే కార్యాలయాల చుట్టూ తిరిగారు. కొడుకు పేరు, వయసు, చనిపోయిన వేళ ప్రతి కిటికీ దగ్గరా ఆయన నోటితోనే చెప్పుకోవలసి వచ్చింది. మనలో నలుగురు కుర్రవాళ్ళు ఆ పని నెత్తిన వేసుకుని ఉంటే ఆ బాధ తప్పేది.

వారసత్వం సంగతి కూడా తెలిసి ఉండాలి. పోయినవారి ఆస్తిలో నుంచి ఖననం ఖర్చులు, తరువాత బాకీలు తీర్చాలి. ఇవ్వకుండా మిగిలిన మహర్ కూడా భర్త మీద బాకీయే, దయాధర్మం కాదు. వసీయత్ ఉంటే అది చెల్లించాక, మిగిలినదానిలో ఇలాంటి ఇంట తల్లికి ఆరో వంతు, భార్యకు ఎనిమిదో వంతు, ఒక్కతే కూతురైతే ఆమెకు సగం, మిగిలింది తండ్రికి. మాస్టారు తన వాటా మనవరాలి పేర రాశారు. ఇంకొక మాట. తాతకు కొడుకులు బతికి ఉంటే, ముందే పోయిన కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో వారసత్వం రాదు. అందుకే తాత తన జీవితకాలంలో హిబా ఇవ్వవచ్చు, లేదా మూడో వంతుకు మించకుండా వసీయత్ రాయవచ్చు. షరీఅత్ ఈ దారి తెరిచే ఉంచింది. అది ఉందని తెలియక ఎందరో యతీములు మేనత్తల, చిన్నాన్నల గడపల్లో నిలబడుతున్నారు. అటువంటి తాతలు ఈ సభలో ఉంటే, రేపటికి వాయిదా వేయవద్దని చేతులు జోడించి చెబుతున్నాం.

ఇక సంఘానికి మా మనవి. మాటలు చెప్పి దిగిపోతే మేము పాత మనుషులమే అవుతాం కనుక నాలుగు పనులు ప్రతిపాదిస్తున్నాం. పేటలో ఎవరింట చావు జరిగినా మూడు రోజులు వంతులవారీగా మన ఇళ్ళ నుంచి భోజనం పోవాలి. ఆ ఇంట మనం భోజనం చేయకూడదు. కాగితాల పనికి ఇద్దరు యువకులను సంఘం తరఫున నియమించాలి. ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు తల్లి దగ్గరికి, ఇద్దత్‌లో ఉన్న కోడలి దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్ళాలి. ఇద్దత్ తీరాక ఆ పిల్ల పుట్టింట ఉన్నా, అత్తింట ఉన్నా, మళ్ళీ నికాహ్ చేసుకున్నా అది ఆమె ఇష్టం. ఆ విషయంలో ఎవరూ తీర్పులు చెప్పకూడదు. ఆఖరుది, నలభయ్యో రోజుతో లెక్క ముగించకూడదు. మొదటి రంజాన్ పండగ, మొదటి బక్రీదు ఆ ఇంట ఎంత భారంగా గడుస్తాయో చూశాం. ఈద్‌గా నుంచి వస్తూ, మన ఇంటికి పోకముందు ఆ ఇంటికి పోవాలి.

ఈ ప్రసంగానికి ముందు మాస్టారు దగ్గరికి వెళ్ళి, మీ సంగతి చెప్పవచ్చునా అని అడిగాం. చెప్పమన్నారు. అబ్బాయి పేరు సావనీరులో అచ్చువేయమంటారా అంటే కాసేపు ఆలోచించారు. "వద్దు. కాగితం మీద వద్దు. పాత కాగితాలు పొట్లాలు కడతారు. వాడి పేరు మీ నోట ఉండనివ్వండి" అన్నారు. అందువల్ల ఇక్కడ పేరు అచ్చు కాలేదు. సభలో మాత్రం దువాకు ముందు పేరు పెట్టి పిలిచాం. మీరంతా ఆమీన్ అన్నారు. తల్లి కూడా పర్దా వెనుక నుంచి విన్నారు.

పెళ్ళి పత్రిక ఇవ్వకుండా తిరిగి వచ్చామన్నాం గదా. మొన్న వెళ్ళి ఇచ్చాం. ఆయన చదివి, తారీఖు చూసుకుని, "వాడుంటే మండపం పని నెత్తిన వేసుకునేవాడు" అన్నారు. అవునన్నాం. వాడు మా ఇంట్లో పెద్దమ్మాయి పెళ్ళికి రాత్రంతా మేలుకుని దేగచీలు దగ్గరుండి దింపించిన సంగతి జ్ఞాపకం చేశాం. ఒక గంటసేపు వాడి గురించే మాట్లాడుకున్నాం. మాస్టారు ఏడ్చారు. మేమూ ఏడ్చాం. ఈసారి ఎవరమూ ఎవరినీ ఆపలేదు.

అల్లాహ్ ఆ బిడ్డను మన్నించి, అతని ఖబరును వెలుగుతో నింపుగాక. తల్లిదండ్రులకు, ఆ ఆడకూతురికి, పసిపాపకు అండగా ఉండుగాక. వాళ్ళ పక్కన కూర్చునే ఓపిక మనకు ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలామ్.